పెద్దమ్మ దిగాల్సిన స్టాపు

ఇది భూగోళం అట్టడుగున, ఊరు లేని, చెట్టు మొలవని మంచుఖండం మీద అడుగు మోపడానికి ఒక స్త్రీ ఒంటరిగా సాగించిన మహాయాత్ర. ఇందులో ఉవ్వెత్తున లేచే సముద్రం ఉంది. ఎముకలు కొరికే గాలి ఉంది. పద్దెనిమిది పర్వాలకు సరిపోయే కన్నీళ్లున్నాయి. చదువుతూ చదువుతూ మీరు దుప్పటి కప్పుకుంటారు.

కప్పుకోకండి. అంత లేదు. సముద్రం ఉంది కానీ దాన్ని నేను చూడలేదు. అది ఉవ్వెత్తున లేస్తున్న సమయానికి నేను ఛత్రినాకలో మా ముందుగదిలో ఫ్యాను కింద కూర్చుని ఫోను చార్జింగు పెట్టుకుంటున్నాను. కన్నీళ్లు అమ్మవి, అవి కూడా సగం ఉల్లిగడ్డల వల్ల వచ్చినవి. నిజం చెప్పాలంటే ఇది మూడు ఓడల్లో ఒకదాన్ని ఎంచుకోవడానికి మా ఇంట్లో రెండు నెలలపాటు జరిగిన లొల్లి.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. సర్కారు సిటీ బస్సులో ఇరవై తొమ్మిదేళ్లు కండక్టరుగా చేసి రిటైరైంది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే "డ్యూటీల ఉండె" అంటుంది, అదేదో ఆ ఒక్కరోజు పని పడ్డట్టు. మా ఇంట్లోనే పై వాటాలో ఉంటుంది, తిండి మాత్రం కింద మాతోనే. ఆమె మామూలుగా మాట్లాడినా సరే, వీధి చివర కిరాణా కొట్టు ముందు నిలబడ్డవాళ్లు ఒక అడుగు ముందుకు జరుగుతారు. ఇరవై తొమ్మిదేళ్లు నిలబడి చేసిన ఉద్యోగానికి గుర్తుగా ఆమెకు ఒక శాలువా, ఒక గోడ గడియారం, ఒక మోకాలి నొప్పి మిగిలాయి. వాటిలో గడియారం పనిచేయదు.

ఆ మోకాలి కోసమే సంతోష్‌నగర్‌లో ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. నాకు కళ్లద్దాల దుకాణంలో బిల్లులు కొట్టే ఉద్యోగం, సోమవారం సెలవు. అందువల్ల మా ఇంట్లో ఎవరికి సోమవారం ఏ నొప్పి వచ్చినా తోడు నేనే. వెయిటింగ్ హాల్లో ఒక టీవీ ఉంది. రిమోటు పోయి చాలా రోజులైందట, అందుకే శబ్దం రాదు, చానలు మారదు. అందులో రెండు గంటలసేపు పెంగ్విన్లు నడుస్తూనే ఉన్నాయి. నేను ఫోను చూసుకుంటుంటే పెద్దమ్మ మోచేత్తో పొడిచింది.

"ఏ పోరీ, గటు చూడు. లైన్ల నిలవడ్డయ్."

"ఆ, నిలవడ్డయ్."

"ఎవ్వలు చెప్పకుండనే నిలవడ్డయే! ఒకదాని ఎనక ఒకటి. తోసుకుంటలేవు. ముంగటి డోరు, ఎనక డోరు అని లొల్లి లేదు. చిల్లర లేదని పంచాది లేదు."

తెరమీద పెంగ్విన్లు మంచుగట్టు అంచుకు వచ్చి ఒక్కొక్కటిగా నీళ్లలోకి దూకుతున్నాయి. పెద్దమ్మ పెదవులు కదులుతున్నాయి. దేవుణ్ని తలుచుకుంటోందనుకున్నాను. లెక్కపెడుతోంది. డాక్టరు లోపలికి పిలిచినప్పుడు ముప్పై ఎనిమిది దగ్గర ఆపాల్సి వచ్చిందని ఆమె ఇప్పటికీ బాధపడుతుంది.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో అడిగింది.

"గది ఏ ఊరే?"

"ఊరు కాదు పెద్దమ్మా. అంటార్కిటికా."

"బస్సు పోదా?"

"ఓడ పోతది."

"పోయినంక దిగనిస్తరా?"

"ఆ, దిగనిస్తరు" అన్నాను. నాకు తెలియదు. ఆటోలో గాలి చల్లగా తగులుతుంటే తెలియని విషయాలు కూడా తెలిసినట్టే ఉంటాయి. తర్వాత జరిగిన అన్నింటికీ ఆ ఒక్క "ఆ" కారణం.

నెల తర్వాత ఒక ఆదివారం పొద్దున పెద్దమ్మ ప్రకటన చేసింది. ఎప్పుడో ముళ్లకంపలున్నప్పుడు ఊరి బయట కొన్న ప్లాటు అమ్మేసిందట. దాంతో మంచుదేశానికి పోతుందట. ఈ మాట వినగానే అమ్మ చేతిలోని గరిటె జారి కిందపడిందని రాయాలని ఉంది. పడలేదు. అమ్మ దోసె తిరగేసి, మాడలేదని చూసుకుని, అప్పుడు మాట్లాడింది.

"ఏం బీమారొచ్చిందే అక్కా నీకు? గంత పైస పెట్టి సలికి సచ్చెటందుకు ఎవలన్న పోతరా? కాశీ పోయి రారాదు?"

"కాశీల జనాలుంటరు."

"జనాలు లేని జాగల నీకేం పని?"

"ఇరవై తొమ్మిదేండ్లు జనాలను దింపిన. దిగుండ్రి, దిగుండ్రి, జల్ది దిగుండ్రి అని ఒర్లిన. నేనెన్నడన్న దిగిన్నా? రోజుకు పన్నెండు సార్లు చార్మినార్ కాడ ఆగుతుండె బండి. ఒక్కపారి దిగి ఆడ చాయ్ తాగలే. నేను గూడ ఒక్క జాగల దిగాలె, కింద నిలవడాలె. గంతే."

నా గొంతులో ఏదో అడ్డం పడింది. పల్లీ చట్నీ. నీళ్లు తాగితే పోయింది.

ట్రావెల్ ఏజెంటును ఎలా ఎంచుకున్నామో కూడా చెప్పాలి. మోకాళ్ల డాక్టరు ఉన్న బిల్డింగులోనే కింద అంతస్తులో ఉన్నాడు కాబట్టి. మెట్లెక్కే పని లేదు. అంతకు మించిన పరిశోధన జరగలేదు. టై కట్టుకున్న కుర్రాయన. వెనక గోడమీద ఒక పక్క దుబాయి, ఒక పక్క షిరిడీ.

"చెప్పుండ్రి మేడమ్. తీర్థయాత్రనా, దుబాయా?"

"అంటార్కిటికా."

ఆయన నావైపు చూశాడు. నేను అవునని తలూపాను. "ఒక్క నిమిషం మేడమ్" అని మాకు చాయ్ చెప్పించాడు. చాయ్ వచ్చేలోపు అదెక్కడుందో కంప్యూటర్లో చూసుకున్నాడని నా అనుమానం. చాయ్‌తోపాటు మొదటి ఓడ బొమ్మలు కూడా ప్రింటై వచ్చాయి.

"గిది చూడుండ్రి మేడమ్. మూడు వేల మంది పడతరు. మూడు స్విమ్మింగ్ పూల్స్. సినిమా హాల్. రూముకో బాల్కనీ. ఇడ్లీ గూడ పెడతరంట."

"డోర్లెన్ని?" అంది పెద్దమ్మ.

"జీ?"

"దిగెటందుకు డోర్లెన్ని?"

"దిగుడేముండది మేడమ్. ఓడ మంచు కొండల పక్కపొంటి మెల్లగ పోతది. మీరు బాల్కనీల కూసొని చాయ్ తాక్కుంట చూసుడే."

పెద్దమ్మ చేతిలోని కప్పు కింద పెట్టింది.

"బాబూ, ఇరవై తొమ్మిదేండ్లు నేను కిటికీలకెళ్లే చూసిన. గా పనికి మా బస్సే ఉండె. పైంగ జీతం గూడ ఇచ్చిన్రు."

ఆయన మళ్లీ కంప్యూటర్లోకి తల దూర్చాడు. ఈసారి ఏదో చదివి ముఖం చిన్నబుచ్చుకున్నాడు. ఐదువందల మందికి మించి ప్రయాణికులున్న ఓడకు అక్కడ ఎవరినీ ఒడ్డుకు దింపే అనుమతి లేదట. చిన్న ఓడైనా సరే, ఒకచోట ఒకేసారి వందమందికి మించి ఒడ్డున ఉండకూడదట. మా దగ్గర ఏదో తప్పు ఒప్పుకుంటున్నట్టు ఈ సంగతి చెప్పాడు. పెద్దమ్మ మొహం మాత్రం వెలిగిపోయింది.

"వందమందికేనా? ఎవడు పెట్టిండు గా రూలు?"

"దేశాలన్ని కల్సి పెట్టుకున్నయంట మేడమ్."

"మంచిగ పెట్టిండ్రు. ఒక్క బండికి గిట్ల లెక్క పెట్టుండ్రి అని మేం డిపోల మొత్తుకుంటుంటిమి. ఒక్కడన్న విన్లే."

రెండో ఓడ నాలుగువందల మందిది. దీంట్లో దింపుతారు. స్విమ్మింగ్ పూల్ ఒకటే కానీ, మసాజులున్నాయి. పెద్దమ్మ ఆ కాగితం తిరగేసి పెన్ను అడిగింది. వెనక వైపున లెక్క మొదలైంది. నాలుగువందల మంది, ఒకసారికి వంద, అంటే నాలుగు విడతలు. ఓడ నుంచి ఒడ్డుకు తీసుకెళ్లేవి రబ్బరు పడవలు, ఒక్కోదాంట్లో పది మంది. జాకెట్టు తొడుక్కోవడానికి ఇంత, పడవ ఎక్కడానికి ఇంత, తడబడేవాళ్లకు ఇంత, ఫొటో కోసం ఆగిపోయేవాళ్లకు ఇంత. కళ్లు మూసుకుని, ఒక కాలి మీద బరువు వేసి, బస్సు మలుపు తిరుగుతున్నట్టు కొంచెం పక్కకు వంగి మరీ లెక్క కట్టింది.

"నా వంతుకు గంట. ఇంకింత తక్కువే ఉంటది గని ఎక్కువుండది. మిగిలిన పొద్దంత డిపోల కూసున్నట్టే."

"మేడమ్, మీరు మ్యాథ్స్ టీచరా?"

"కండక్టర్."

ఆయన ఎందుకో టై సర్దుకుని, టికెట్టు తీసుకోని మనిషిలా కుర్చీలో వెనక్కి జరిగాడు.

మూడో ఓడ పాతది. తొంభై ఆరు మంది. స్విమ్మింగ్ పూల్ లేదు, మసాజు లేదు, ఇడ్లీ ప్రస్తావనే లేదు. ఏజెంటు దాన్ని చూపించడానికి కూడా ఇష్టపడలేదు.

"చిన్నది మేడమ్, మస్తు ఊగుతది. నడి సముద్రంల రెండు దినాలు పోవాలె. అందరు కక్కుకుంటరంట."

"ఊగని బండి ఎక్కిన్నా నేనెన్నడన్న? తొంభై ఆరు అన్నవు గద. అంటే అందరొక్కపారే దిగొచ్చు."

"దిగొచ్చు మేడమ్. గాలి లేకుంటె. ఐదు దినాలు ట్రై చేస్తరంట. గ్యారంటీ మాత్రం ఎవ్వలియ్యరు."

అక్కడితో అయిపోయిందనుకున్నాను. కాలేదు. కండక్టరు ఎవరి మాటా నమ్మదు, టికెట్టు చూస్తేగానీ. మూడు ఓడల కాగితాలూ ఇంటికి వచ్చి, టీవీ మీద నెలన్నర కూర్చున్నాయి. అమ్మ ఓటు ఇడ్లీ ఓడకు. డ్రైవర్ భాయ్ ఓటు ఏ ఓడకూ పడలేదు. ఆయన పెద్దమ్మతో పదకొండేళ్లు ఒకే బస్సు నడిపిన మనిషి. బహదూర్‌పురాలో ఉంటాడు. రిటైరైనాక కూడా ప్రతి ఆదివారం చాయ్‌కి వస్తాడు. వచ్చి ఇద్దరూ ట్రాఫిక్ గురించి మాట్లాడుకుంటారు, అది ఇప్పటికీ తమ బాధ్యతే అన్నట్టు.

"జహాజ్‌కు బ్రేకాంచ్ నై రహతే ఆపా" అన్నాడు, ఓడకు బ్రేకులే ఉండవక్కా అని. ఆయన దృష్టిలో ఇంక చర్చించడానికేమీ లేదు.

చివరికి రెండో ఓడవాళ్లకూ మూడో ఓడవాళ్లకూ నాతో ఇంగ్లీషులో మెయిలు రాయించింది పెద్దమ్మ. వాతావరణం, భోజనం, గదులు ఆమెకు అవసరం లేదు. దిగినవాళ్లను ఎలా లెక్కపెడతారు? తిరిగి ఎక్కేటప్పుడు ఒక మనిషి తక్కువైతే ఎవరు చూస్తారు? ఇప్పటిదాకా ఎవరినన్నా మరిచిపోయి వచ్చారా?

"గిది రాయను పెద్దమ్మా. బాగుండదు."

"రాయవే. బాగుండుడేంది? మా బండ్ల ఒకపారి ఒక ముసలాయన ఎనక సీట్ల పండుకుంటె డిపోదాంక పోయిండు. గాడ డిపో ఉంది. గీడ మంచు ఉంటది."

రాశాను. రెండో ఓడ నుంచి ఐదు నిమిషాల్లో జవాబు వచ్చింది: విలువైన అతిథిగారికి నమస్కారం, మీ ఆసక్తికి కృతజ్ఞతలు, కింద మసాజుల పట్టిక జతచేశాం. మూడో ఓడ నుంచి మూడు రోజులకు వచ్చింది, ఎవరో మనిషి కూర్చుని రాసింది. దిగే తలుపు పక్కన గోడకు ఒక చెక్కపలక ఉంటుంది. దానికి కొక్కేలు, కొక్కేలకు నంబర్లున్న బిళ్లలు, ఒక్కో ప్రయాణికుడికి ఒకటి. ఒకవైపు తెలుపు, ఒకవైపు ఎరుపు. దిగేటప్పుడు ఎవరి బిళ్ల వాళ్లే ఎర్రవైపు తిప్పాలి, ఎక్కాక తెల్లవైపు తిప్పాలి. పలకంతా తెల్లబడేదాకా ఓడ కదలదు. పలక పక్కన ఎప్పుడూ ఒక మనిషి నిలబడి ఉంటాడు. ఇంతవరకు ఎవరినీ మరిచిపోలేదు.

పెద్దమ్మ దాన్ని నాతో మూడుసార్లు చదివించుకుంది. మూడోసారి ఆపి అడిగింది.

"ఆ పలక కాడ నిలవడెటోనికి కుర్చీ ఇస్తరా? అడుగు."

అదీ అడిగాను. జవాబు వచ్చింది, ఇవ్వరట.

"మనోళ్లే" అంది పెద్దమ్మ. ఓడ ఎంపిక అయిపోయింది.

అయితే ఓడవాళ్లకు కూడా ఒక ప్రశ్న ఉంది. డాక్టరు సంతకం పెట్టాల్సిన ఫారంలో అది మూడో పేజీలో ఉంది: ఊగుతున్న రబ్బరు పడవ అంచు మీద కూర్చుని, కాళ్లు అవతలికి వేసి, మోకాలిలోతు నీళ్లలోకి దిగి నడవగలరా? డాక్టరు ఆ ప్రశ్ననూ, పెద్దమ్మ మోకాలినీ మార్చి మార్చి చూశాడు. రెండు వారాలు ప్రాక్టీసు చేసి వస్తే సంతకం సంగతి చూద్దామన్నాడు. సంతకం లేకపోతే ఓడ ఎక్కనిస్తారు కానీ పడవ ఎక్కనివ్వరు. అంటే మళ్లీ కిటికీయే.

ప్రాక్టీసు మా మేడ మీద మొదలైంది. పిల్లలు స్నానం చేసే గాలి టబ్బు ఒకటి కొనుక్కొచ్చి ఊదాం. అదే పడవ. డ్రైవర్ భాయ్ ఒడ్డున నిలబడి చెయ్యి అందించే గైడు. నేనూ అమ్మా తోటి ప్రయాణికులం. ఓడవాళ్లు పంపిన వీడియోలో ఉన్నట్టు చెయ్యీ చెయ్యీ కాకుండా, ఒకరి మణికట్టు ఒకరు పట్టుకోవాలి. చెయ్యి పట్టుకుంటే జారుతుందట. భాయ్‌కి ఆ నియమం మస్తు నచ్చింది.

"హాత్ నక్కో పకడో ఆపా, కలాయీ పకడో! హాత్ ఫిసల్తా!"

"నాకు తెల్సు భాయ్. ఒర్లకు."

పక్క మేడ మీద బట్టలారేస్తున్నామె రెండు రోజులు ఓపిక పట్టి మూడో రోజు అడిగింది, "ఏందక్కా, ఈపారి బోనాలకు కొత్త ప్రోగ్రామా?" అని. అమ్మ టబ్బులోంచే జవాబిచ్చింది, "డాక్టర్ చెప్పిండమ్మా" అని. డాక్టరు పేరు చెబితే మా గల్లీలో ఇంకెవరూ ఏమీ అడగరు.

ప్రతిసారీ పెద్దమ్మ ముందు మా ఇద్దరినీ దింపేది. "దిగుండ్రి, కాలు చూసి దిగుండ్రి" అని, మేం దిగాక టబ్బులో ఒకసారి ఆ మూల ఈ మూల చూసి, ఎవరూ ఏ గొడుగూ మరిచిపోలేదని ఖాయం చేసుకుని, అప్పుడు తను దిగేది. అది మాకు ఎంత మామూలుగా కనిపించిందంటే, ఎవరమూ దాని గురించి ఆలోచించలేదు.

తొమ్మిదో రోజు టబ్బు పేలిపోయింది. ఢాం అని పేలిందంటే బాగుంటుంది కానీ, దాని మూత ఊడిపోయి, ఐదు నిమిషాలు నిట్టూర్చి చదునైంది. లోపల కూర్చున్న అమ్మ కూడా దాంతోపాటు, ఏ తొందరా లేకుండా, నేలకు దిగింది. అప్పటికి పెద్దమ్మ మోకాలు దారికొచ్చింది. డాక్టరు సంతకం పెట్టాడు.

వీడ్కోలు దృశ్యం గురించి పెద్దగా లేదు. ఎయిర్‌పోర్టులో అమ్మ ఏడ్చింది. సూట్‌కేసు బరువెక్కువైందని మామిడికాయ తొక్కు సీసా బయటికి తీయమనగానే ఏడుపు ఆపి వాళ్లతో కొట్లాడింది. పెద్దమ్మ వెనక్కి తిరిగి చేతులూపలేదు. ముందున్న లైను కదలడం లేదని దాని సంగతి చూస్తోంది.

రెండు విమానాలు, మరో విమానం, ఆ తర్వాత ఓడ. ఓడలో కొద్దిగా ఇంటర్నెట్టు ఉంది. వాయిస్ మెసేజిలు వచ్చేవి. మొదటి రెండు రోజులు సముద్రం ఊగిందట. మిగతా అందరూ గదుల్లో మంచాలు పట్టుకుని పడుకున్నారట. భోజనాల గదిలో పెద్దమ్మ ఒక్కతే. "ఆఖరి ట్రిప్పు బండి లెక్కుండె, మొత్తం ఖాళీ" అని సంతోషపడింది.

ఆ తర్వాతి మెసేజి నేను దుకాణంలో విన్నాను.

"పొద్దుగాల దింపుడు షురువైంది బిడ్డా. నేను తలుపు కాడ నిలవడి అందరిని పంపిచ్చిన. తొంభై ఐదు బిళ్లలు ఎర్రగైనయ్. నాది ఒక్కటే తెల్లగుండె. గప్పుడే గాలి లేచింది. అందరిని వాపస్ పిలిచిన్రు."

ఇంటికెళ్లి అమ్మకు వినిపించాను. అమ్మ తల పట్టుకుంది. "అందర్ని ఇది పంపుడేందే? దీనికి ఎవలన్న డ్యూటీ ఏసిన్రా?" అదే మాట రికార్డు చేసి పంపాం. జవాబు వచ్చింది. "ముందుగాల ప్యాసింజర్లు దిగాలె గద."

రెండో రోజు వెళ్లాల్సిన చోట మంచు ముక్కలు అడ్డం పడి ఓడే దగ్గరికి పోలేదట. మూడో రోజు రబ్బరు పడవల్లో తిప్పారట, కానీ ఒడ్డున ఆపలేదట. నాలుగో రోజు గాలి. ఐదో రోజు మధ్యాహ్నానికి ఓడ వెనక్కి తిరగాలి. అంటే మిగిలింది ఒక్క పొద్దున. నాలుగో రోజు సాయంత్రం, అక్కడి సాయంత్రం, ఒక చిన్న మెసేజి వచ్చింది.

"పడవలకెళ్లి చూసిన బిడ్డా. మస్తుంది. గంతే."

పెద్దమ్మ గొంతు అంత చిన్నగా ఉండగా నేనెప్పుడూ వినలేదు. ఏదన్నా నవ్వించే మాట చెబుదామని మూడుసార్లు రికార్డు చేసి మూడుసార్లూ తుడిచేశాను. ఇక్కడ అప్పటికి ఆదివారం పొద్దున కావడంతో డ్రైవర్ భాయ్ వచ్చి ఉన్నాడు. ఆయన కూడా విన్నాడు. చాయ్ పక్కన పెట్టి ఫోను ఇటివ్వమన్నాడు. సిటీ బస్సులో బండి ఆపాలంటే కండక్టరు "హోల్డాన్" అని అరుస్తుంది. పదకొండేళ్లు ఆ మాట పెద్దమ్మ అంటే ఈయన బ్రేకు వేశాడు. ఆయన నోట ఆ మాట వినడం నాకదే మొదటిసారి.

"ఆపా. హోల్డాన్" అన్నాడు. ఫోను నోటికి దగ్గరగా జరుపుకున్నాడు. "ఆప్‌కా స్టాప్ ఆ గయా. పైలే ఆప్ ఉతరో. పబ్లిక్‌కు మై దేఖ్ లేతూఁ."

నీ స్టాపు వచ్చింది, ముందు నువ్వు దిగు, జనం సంగతి నేను చూసుకుంటా అని. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను ఫ్యాను వైపు చూశాను. చాలా గొప్ప ఘట్టం. కాకపోతే ఆ మెసేజి వెళ్లలేదు, నా ఫోన్లో డేటా అయిపోయింది. అమ్మ ఫోను తెచ్చి మళ్లీ మొదటి నుంచీ చెప్పించాల్సి వచ్చింది. ఈసారి ఆయన మధ్యలో తుమ్మాడు. ఆ తుమ్ముతోనే వెళ్లింది.

తర్వాత రెండు రోజులు ఏ కబురూ లేదు. సముద్రం మధ్యలో ఇంటర్నెట్టు పోయిందట. అమ్మ ఆ రెండు రోజులూ ఎవరు ఫోను చేసినా "పెట్టేయ్, లైను ఖాళీగుండాలె" అని పెట్టించింది. మూడో రోజు ఓడ ఒడ్డుకు చేరాక వీడియో కాలు వచ్చింది. తెరమీద సగం పెద్దమ్మ, సగం ఎవరిదో భుజం.

"దిగినవా?" అని అమ్మ. ఎట్లున్నవ్, తిన్నవా అని కూడా అడగలేదు.

"దిగిన. అందరికన్న ముంగట. తలుపు తెరవకముందే పోయి నిలవడ్డ. ఎనక ఒక ఆరడుగులాయన తొందర వడ్తున్నడు. నేను జరగలే. నా బిళ్ల నేనే తిప్పిన. పొద్దుగాల మొదటి ఎర్రబిళ్ల నాదే."

"పెంగ్విన్లు లైన్ల ఉన్నయా?" అన్నాను.

"లైనా? సచ్చినయ్! గా టీవీల చూపిచ్చింది అబద్ధం. గూడు కట్టుకునెటందుకు ఒకటి రాళ్లు ఏరుకొస్తె, ఇంకోటి ఎనకకెళ్లి వచ్చి ఎత్కపోతున్నది. గిది లేచిందంటె గది కూసుంటది. ఒక్కటే లొల్లి. నాకు కోపమొచ్చి లైన్ల రాండ్రి అని ఒర్లిన. గైడు పోరి ఉరికొచ్చి మూతి మీద ఏలు పెట్టింది. గాడ గట్టిగ మాట్లాడొద్దంట. గని ఒకటి మాత్రం నా దిక్కు చూసి పక్కకు జరిగింది, సూడు."

"ఎంతసేపున్నరు ఆపా?" అన్నాడు వెనక నుంచి భాయ్, ఆదివారం కాకపోయినా కబురు కోసం వచ్చి.

"రెండు గంటలు. కూసోనియ్యరు భాయ్, రూలు. నిలవడే ఉన్న. మోకాలు ఏమనలే."

బయట ఉల్లిగడ్డల బండి అరుపు దూరమైపోయింది. అమ్మ ఫోను దగ్గరికి జరిగి, ఆమె అడిగే మామూలు గొంతుతో కాకుండా, మెల్లగా అడిగింది.

"అక్కా, గా మంచు మీద కాలు పెట్టినప్పుడు ఎట్లనిపించిందే?"

పెద్దమ్మ ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది, తెరమీద కనుబొమలు దగ్గరికొచ్చాయి.

"కాలేడ తాకింది? రబ్బరు బూట్లుండె, మోకాళ్లదాంక. నా నంబరు లేకుండె, రెండు నంబర్లు పెద్దయి ఇచ్చిన్రు. లోపట మూడు జతల సాక్సులేసిన."

"కొన్నవా?"

"కొనుడేంది, ఓడోళ్లయే. దిగేముందు ఒకపారి, ఎక్కినంక ఒకపారి మందునీళ్లల్ల బ్రష్షు పెట్టి కడగాలె. ఆఖరి దినం బూట్ల గూట్లె తలకిందులు పెట్టి వాపస్ ఇయ్యాలె. ఆరకపోతె తీస్కోరు."